చిన్నాకు, శనివారం గేము సంగతి

చిరంజీవి చిన్నాకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నీ ఫోను పాడైందేమోనని అమ్మ అంటోంది. పాడైతే బాగుచేయించుకో, డబ్బులు పంపిస్తాను. చిట్టి పిన్ని ఏదో చెప్పింది కానీ ఆవిడ కబుర్లు నేను పట్టించుకోను. ఊరికే రాస్తున్నాను.

శనివారం క్లబ్బులో హెడ్మాస్టారితో చెస్ గేము పడింది. ఆయన సంగతి నీకు తెలుసుగా, ఎత్తు వేయగానే కుర్చీ వెనక్కి జరిపి ఫ్యాను వంక చూస్తారు. ఆట చివరికొచ్చేసరికి నాకు రాజు, గుర్రం మిగిలాయి. ఆయనకి రాజు కాక శకటు (బిషప్), రెండు బంట్లు. చుట్టూ మూగినవాళ్ళు "అయిపోయింది, లేవండి" అని ఒకటే గోల. నేను లేవలేదు. ఒక బంటు బోర్డు అంచు నిలువు వరుసలో ఉంది. అది మంత్రి కావాల్సిన మూల గడి తెల్లది, ఆయన శకటేమో నల్ల గడుల్లో మాత్రమే తిరిగేది! గుర్రం పోతే పోయిందని రెండో బంటును కొట్టేశాను. రాజుతో గుర్రాన్ని తీసుకున్నారు. ఈలోగా నా రాజు మూలకి చేరిపోయాడు. ఇక ఆ శకటు ఎంత తిరిగినా అక్కడికి చెక్ ఇవ్వలేదు. మరీ దగ్గరికొచ్చి దారి మూసేస్తే స్టేల్‌మేట్, అంటే చెక్ లేదు, వేయడానికి ఎత్తూ లేదు, ఆట డ్రా. ఆయన చాలాసేపు ఫ్యాను చూసి, చివరికి చెయ్యి చాపారు. డ్రా.

"గెలవలేదుగా" అంది మీ అమ్మ. 2025లో బటూమీలో జరిగిన మహిళల చెస్ వరల్డ్ కప్ ఫైనల్లో మన కోనేరు హంపి, దివ్యా దేశ్‌ముఖ్ ఆడిన రెండు క్లాసికల్ (ఎక్కువ టైముండే) గేములూ డ్రానే అని చెప్పాను. వింటేగా!

పిన్ని అన్నది నిజమే అనుకుందాం, ఊరికే అనుకుందాం. వాళ్ళు పొమ్మన్నారా, నువ్వే మానేశావా? నోటీసు పీరియడ్ జీతం వచ్చిందా? పీఎఫ్ మాత్రం తీసెయ్యకు, కొత్త కంపెనీకి బదిలీ చేసుకోవచ్చు. పక్కవాళ్ళు లేవమన్నారని లేచిపోతే ఎలారా? బోర్డు మీద ఏం మిగిలిందో ముందు చూసుకోవాలి. క్లాసు పీకుతున్నానంటావు, సరే ఆపేస్తాను.

కందిపొడి, గోంగూర పచ్చడి బస్సు పార్శిల్లో వేశాను. పచ్చడి సీసా మూత గట్టిగా ఉంటుంది, కత్తితో తీయకు, వేడినీళ్ళలో పెట్టు. రాత్రుళ్ళు మేలుకోకు. రూము అద్దెకి ఇబ్బందైతే మొహమాటపడకు. అమ్మకి ఇంకా ఏమీ చెప్పలేదు.

ఆదివారం పొద్దున అమ్మ గుడికి వెళ్తుంది. పది దాకా ఇంట్లో నేనొక్కణ్ణే. అప్పుడు ఫోన్ చెయ్యి.

నాన్న