ఏటికొప్పాక బొమ్మకు ఆన్‌లైన్‌లో దారివ్వండి: భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) డైరెక్టర్ జనరల్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మాది అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక. మా మామగారు అంకుడు కర్రను లేతు మీద తిప్పి, లక్క పట్టించి, మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. ఆయన పేరు మీదే ఖాతా తెరిచి ఆ బొమ్మల్ని ఆన్‌లైన్‌లో పెట్టే పని నాది.

2021 జనవరి 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. మంచి పని. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు స్వయంగా చేసి అమ్మే బొమ్మలకు మినహాయింపూ ఇచ్చారు. కానీ మేం అమ్మే వెబ్‌సైట్ ఫారంలో ఐఎస్ఐ లైసెన్స్ నంబరుకు తప్ప దేనికీ గడి లేదు. మామగారి కళాకారుడి నమోదు కార్డు అప్‌లోడ్ చేస్తే తిరస్కరించారు. సరిగ్గా దసరా ముందు మా బొమ్మలన్నీ ఆగిపోయాయి. ఫోన్ చేస్తే మళ్లీ అదే నంబరు అడుగుతారు. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్.

మినహాయింపు ఉంది కదా అని మేం జాగ్రత్త వదల్లేదండీ. మూడేళ్లలోపు పిల్లల బొమ్మకు ఊడిపోయే చిన్న ముక్క ఉండకూడదని తెలిశాక, గిలక్కాయ పిడి చివర పూసను అతికించడం మామగారు మానేశారు. ఇప్పుడు పిడి, పూస ఒకే కర్రలో తీస్తున్నారు. మా పాప నోట్లో పెట్టుకునేదీ ఆ గిలక్కాయే.

కళాకారుల కార్డును అంగీకరించే గడి పెట్టమని ఆన్‌లైన్ సంస్థలకు రాతపూర్వకంగా చెప్పండి. మా రంగుల్లో సీసం, కాడ్మియం లేవని పరీక్ష చేయించుకోవడానికి మేం సిద్ధం. దానికి మా దగ్గర్లో, మేం కట్టగలిగే ఫీజుతో ఏర్పాటు చేయండి.

ఇట్లు,
ఏటికొప్పాక బొమ్మల ఇంటి కోడలు