ఐదేళ్ల తర్వాత ఖాళీగా ఉండే పేజీలు

తల్లిదండ్రులకు నమస్కారం.

అడ్మిషన్లప్పుడు మీరిచ్చే ఆరోగ్య రికార్డుల్లో పుట్టినప్పటి బరువు, మొదటి ఏడాది టీకాలు, నెలనెలా పెరిగిన పొడవు అన్నీ పద్ధతిగా రాసి ఉంటాయి. ఐదేళ్లు దాటాక పేజీలు ఖాళీ. అక్కణ్నుంచి డాక్టర్ దగ్గరికి వెళ్లేది జ్వరమొస్తేనే. నిక్షేపంలా ఉన్న పిల్లల్ని ఆస్పత్రికి ఎందుకు తీసుకెళ్లాలని చాలామంది అడుగుతారు. బాగున్నప్పుడే ఏడాదికోసారి చూపించమంటాను నేను.

కళ్ల సంగతే చూడండి. ఒక కన్ను మందగించినా రెండోది బాగా పనిచేస్తుంటే పిల్లలు మనకేమీ చెప్పరు. వాళ్లకు ఊహ తెలిసినప్పటి నుంచీ లోకం అలాగే కనబడుతోంది మరి! ఈలోగా ఆ కన్ను పంపే దృశ్యాన్ని మెదడు పట్టించుకోవడం మానేస్తుంది. ఏడేళ్లలోపు కనిపెడితే కళ్లద్దాలతోనో, మంచి కంటికి రోజూ కాసేపు ప్యాచ్ వేయడంతోనో చాలావరకు సరిచేయొచ్చు. ఆలస్యమయ్యేకొద్దీ కష్టం. అందుకే ఒక్కో కన్ను మూసి, విడివిడిగా పరీక్ష చేయించాలి. ఇక దూరంవి మసకగా కనిపించే సైట్ ఎక్కువగా బడి వయసులోనే మొదలవుతుంది. రోజూ రెండు గంటలు ఆరుబయట గడిపే పిల్లల్లో అది వచ్చే అవకాశం తక్కువ. గేమ్స్ పీరియడ్‌లో లెక్కలు చెప్పించమని అడిగేవారికి నా జవాబు కూడా ఇదే.

ఆరేళ్లప్పుడు నోట్లో వెనకవైపు, ఏ పాలపన్నూ ఊడకుండానే, కొత్తగా దవడ పన్ను వస్తుంది. పుచ్చినా ‘ఎలాగూ ఊడేదేగా’ అని వదిలేస్తుంటారు. అది ఊడదు, జీవితాంతం ఉండాల్సిన పన్ను.

టీకాలు పసితనంతో అయిపోవు. కంఠసర్పి (డిఫ్తీరియా), ధనుర్వాతం నుంచి రక్షణ కాలంతోపాటు తగ్గుతుంది కాబట్టి 9-15 ఏళ్ల మధ్య బూస్టర్ పడాలి. తట్టు టీకా రెండు డోసులూ పడ్డాయో లేదో చూసుకోండి. ఆ జబ్బు ఎంత వేగంగా అంటుకుంటుందంటే, అడ్డుకోవాలంటే నూటికి 95 మందికి రక్షణ ఉండాలి. ఒక్కరు తప్పిపోయినా పక్క బెంచీవాళ్లకూ ముప్పే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాకు 9-14 ఏళ్ల వయసు సరైనది. ‘ఇంత చిన్నపిల్లకా’ అని మొహమాటపడే అమ్మలున్నారు. ఆ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ సోకకముందు వేస్తేనే పూర్తి ఫలితం, అందుకే ఆ వయసు.

పెద్ద తరగతులవాళ్ల విషయంలో మాత్రం తూకం, కొలతలతో సరిపెట్టకండి. ఒక్కసారిగా పొడవు పెరిగే రోజుల్లో వెన్నెముక పక్కకు వంగుతోందేమో చూపించండి. నెలసరి మొదలైన ఆడపిల్లలు ఊరికే అలసిపోతుంటే బద్ధకమని తిట్టేముందు రక్తహీనత ఉందేమో పరీక్ష చేయించండి. 13 దాటినవాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పరీక్షల టెన్షన్‌లో మనమే దాన్ని కోసేస్తున్నాం. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఓ పది నిమిషాలు మీరు గది బయట కూర్చోండి. దిగులు, భయాలు, శరీరంలో మార్పులు... ఇవి అమ్మానాన్నల ముందు నోరువిప్పి చెప్పలేరు.

కళ్లద్దాలు రాసినా, వినికిడి తక్కువని తేలినా, ఇన్‌హేలర్ ఇచ్చినా క్లాస్ టీచర్‌కు ఒక మాట చెప్పండి. ముందు బెంచీలో కూర్చోబెట్టాలా, ఇన్‌హేలర్ ఎక్కడ ఉంచాలి అన్నవి మీతో మాట్లాడి ఏర్పాటు చేస్తాం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు