స్వెట్టరు గుండీలు వాళ్లనే పెట్టుకోనివ్వండి

డిసెంబరు 2025

ప్రియమైన తల్లిదండ్రులకు,

నమస్కారం. గత మంగళవారం ఉదయం 8:20 ప్రాంతంలో గేటు దగ్గర నేను చూసిన ఒక చిన్న సంగతితో ఈ నెల లేఖ మొదలుపెడతాను. యూకేజీ చదివే ఒక పాప స్కూటరు దిగి, స్వెట్టరుకున్న ఐదు గుండీల్లో మూడింటిని, నాలుక కొంచెం బయటపెట్టి, ఎంతో శ్రద్ధగా తానే పెట్టుకుంది. ఒక కాజా తప్పిపోవడంతో కుడివైపు అంచు ఎడమవైపు కంటే పైకి లేచింది. ఆఫీసుకు వేళ మించిపోతున్న వాళ్లమ్మగారు పాప చేతులు పక్కకు తీసి, ఉన్నవన్నీ విప్పి, పది సెకన్లలో సరిగ్గా పెట్టి, బండి ఎక్కి వెళ్లిపోయారు. పాప ఏడవలేదు. తరగతిలోకి వెళ్లి, భుజాన ఉన్న సంచి కూడా దించకుండా, అమ్మ పెట్టిన ఐదు గుండీలనూ విప్పేసి మళ్లీ మొదటి నుంచి పెట్టుకుంది. టీచరు గడియారం చూశారు. నాలుగు నిమిషాలు పట్టిందట.

ఆ తల్లిని తప్పుపట్టడానికి ఈ సంగతి రాయడం లేదు. తొమ్మిది దాటితే బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు ఎలా ఉంటుందో నాకూ తెలుసు, మా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు నేను చేసిందీ అదే. అయితే ఆ నాలుగు నిమిషాలు ఆ పాపకు ఆ రోజు పాఠశాలలో దొరికిన మంచి పాఠాల్లో ఒకటని నా అభిప్రాయం. చలికాలంలో ఇలాంటి పాఠాలు ఇంట్లోనే ఎన్ని దొరుకుతాయో, వాటికి తీరిక ఎక్కడి నుంచి తేవాలో చెప్పడానికే ఈ లేఖ.

పెన్సిల్ పట్టుకోవడానికి కావలసినవి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. గుండీని కాజాలో దూర్చడానికీ, జిప్పు లాగడానికీ, వేరుశనగకాయ ఒలవడానికీ కావలసినవీ ఆ మూడే. ఒకటో తరగతిలో అక్షరం వంకర పోతోందని, రెండు పంక్తులు రాయగానే చెయ్యి నొప్పి అంటున్నారని మీలో చాలామంది మా దగ్గరకు వస్తుంటారు. అలాంటి పిల్లల్లో చాలామందికి కొరవడింది రాత అభ్యాసం కాదు, వేళ్లకు పని. అన్నం కలిపి నోట్లో పెట్టి, చెప్పులు తొడిగి, సంచి సర్ది పంపిస్తే ఆ వేళ్లకు బలం ఎక్కడి నుంచి వస్తుంది? పైగా చలికి చేతివేళ్లలోని రక్తనాళాలు కుంచించుకుపోవడం వల్ల వేళ్లు బిగుసుకుని, వేసవిలో సులువుగా చేసిన పని కూడా ఇప్పుడు ఆలస్యమవుతుంది. అందుకని ముందు రెండు అరచేతులూ బాగా రుద్దుకోమని చెప్పి, ఆ తరువాతే గుండీల పని అప్పజెప్పండి. గుండీలు కింది నుంచి పైకి పెట్టుకోవడం నేర్పితే కాజా తప్పదు, ఎందుకంటే మెడ దగ్గరి గుండీ పిల్లల కంటికి కనబడదు, కిందిది కనబడుతుంది. జిప్పయితే అడుగున తగిలించేది మీరు, పైకి లాగేది వాళ్లు.

ఇక తీరిక సంగతి. డిసెంబరు 15, సోమవారం నుంచి జనవరి 31 వరకు నర్సరీ మొదలుకొని రెండో తరగతి వరకు మొదటి గంట 8:30కి బదులు 9:00కి మోగుతుంది. వ్యాన్లు కూడా అరగంట ఆలస్యంగా బయలుదేరుతాయి. ముందుగా ఆఫీసుకు వెళ్లవలసిన తల్లిదండ్రులు పిల్లలను ఎప్పటిలాగే 8:15 నుంచి దింపవచ్చు. గ్రంథాలయం గదిలో ఇద్దరు టీచర్లు ఉంటారు. జనవరి చివరి దాకా ఎందుకని, డిసెంబరు 21తో పగలు పెరగడం మొదలవుతుంది కదా అని గత సమావేశంలో ఒక తండ్రిగారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పగలు పెరిగేది నిజమే కానీ, ఆ పెరుగుదల మొదట సాయంత్రం వైపే కనిపిస్తుంది. బెంగళూరులో డిసెంబరు మొదట్లో సుమారు 6:25కి ఉదయించే సూర్యుడు, జనవరి చివరి వారానికి సుమారు 6:45 దాకా జరుగుతాడు. పిల్లవాడు సంక్రాంతి తరువాత లేవడానికి మరింత మొరాయిస్తున్నాడంటే దానికి కారణం బద్ధకం ఒక్కటే కాదన్నమాట.

ఈ అరగంటను రాత్రి టీవీకి కలిపేయకండని మనవి. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటలు, ఆరేళ్లు దాటినవారికి 9 నుంచి 12 గంటలు నిద్ర అవసరం. తొమ్మిదికి పడుకున్న నాలుగేళ్ల పిల్ల ఏడింటికి తనంతట తాను లేస్తుంది. పదిన్నరకు పడుకున్న పిల్లను లేపాలి, లేపితే ఏడుస్తుంది, ఏడిస్తే గుండీలు మీరే పెట్టాలి.

స్వెట్టర్ల గురించి రెండు మాటలు. వచ్చే ఏడాదికి కూడా పనికొస్తుందని మనమంతా ఒక సైజు పెద్దదే కొంటాం. దాని చేతులు వేళ్లను కప్పేస్తాయి. రెండు మడతలు పెట్టి ఒక కుట్టు వేయండి. సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉన్న మన ఊళ్లో చలి తెల్లవారుజామున కొరికి, పదకొండు గంటలకల్లా మాయమవుతుంది. 1884 జనవరి 13న ఇక్కడ 7.8 డిగ్రీలు నమోదైన మాట నిజమే గాని, మన పిల్లలు చూసే జనవరి ఉదయం సాధారణంగా 15, 16 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఒక మందపాటి స్వెట్టరు కింద మరొకటి, ఆపైన మంకీ క్యాపు, మఫ్లరు వేసి పంపితే విరామ సమయానికి పిల్లవాడు చెమటతో తడిసిపోతున్నాడు. విప్పి మళ్లీ తొడుక్కోగలిగినది ఒక్కటి చాలు. విప్పినది ఎవరిదో తెలియాలి కాబట్టి కాలరు లోపల పేరు కుట్టండి. దొరికిన వస్తువుల పెట్టెలో ప్రస్తుతం పద్నాలుగు స్వెట్టర్లు ఉన్నాయి, అందులో తొమ్మిది నీలంవే.

ఇప్పుడు అసలు పనికి వస్తాను. అనపకాయల కాలం వచ్చింది. కన్నడిగులు అవరెకాయి అంటారు. చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చిన కుటుంబాలకు దీన్ని పరిచయం చేయనవసరం లేదు. కోస్తా నుంచి వచ్చినవారు చిక్కుడు గింజల్లాంటివే అనుకుని ఒకసారి సంతలో అరకిలో తెచ్చి చూడండి. చేతికి జిడ్డుగా తగిలి, ఘాటైన వాసన వచ్చేవే మంచి కాయలు. కాయ వలిచి తీసిన గింజలను రాత్రి నీళ్లలో నానబెట్టాలి. పొద్దునకు పైతొక్క వదులవుతుంది. గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని ఒక్క నొక్కు నొక్కితే లోపలి పప్పు టప్పున జారి గిన్నెలో పడుతుంది, తొక్క వేళ్ల మధ్య మిగులుతుంది. మరీ గట్టిగా నొక్కితే పప్పు వెళ్లి గోడకు తగులుతుంది, మెల్లగా నొక్కితే అసలు రాదు. ఎంత బలం పెట్టాలో వేళ్లు తమంతట తామే తెలుసుకుంటాయి. పెన్సిల్‌ను ఎంత గట్టిగా పట్టుకోవాలో మేము నోటితో ఎంత చెప్పినా అర్థం కాని పిల్లలకు, ఒక గిన్నెడు గింజలు పితికేసరికి అది తెలిసిపోతుంది. ఈ పితికిన పప్పుతో చేసే కూరను మీ ఇంట్లో అవ్వ చేస్తారో, జేజి చేస్తారో, అమ్మమ్మ చేస్తారో గాని, ఈ రెండు నెలలూ ఊరి నుంచి వచ్చే పెద్దవాళ్లను ఆ గిన్నె ముందు మనవల పక్కన కూర్చోబెట్టండి. పచ్చి గింజలు మాత్రం తిననివ్వవద్దు, బాగా ఉడకాలి.

అందువల్ల డిసెంబరు, జనవరి నెలల్లో ఒకటి, రెండు తరగతులకు శని, ఆదివారాల రాత హోంవర్కు ఉండదు. దాని బదులు ఇంట్లో చేతిపని ఒకటి చేయించి, ఏం చేశారో డైరీలో ఒక వాక్యం రాయించండి. అనపగింజలు పితకడం, కొత్తిమీర ఆకులు తుంచడం, ఆరిన బట్టలకు క్లిప్పులు తీసి డబ్బాలో వేయడం, ఏదైనా సరే. వర్క్‌బుక్కులో పేజీలు వెనకబడతాయని కొందరు దిగులు పడుతున్నారని విన్నాను. వెనకబడవచ్చు. మార్చి నాటికి అవి పూర్తవుతాయి, ఆ పూచీ నాది. పిల్లల చేతిపని మాత్రం మీరు చేసి, ఫోటో తీసి పంపకండి. గత సంవత్సరం అలాంటి ఫోటోలు కొన్ని వచ్చాయి. గోరింటాకు పెట్టుకున్న పెద్ద చేతులు వాటిలో స్పష్టంగా కనబడ్డాయి.

గత నెల బసవనగుడిలో కడలెకాయి పరిషెకు చాలామంది పిల్లలు వెళ్లి వచ్చారు. కార్తీకమాసం చివరి సోమవారం నాడు దొడ్డ బసవన్న గుడి ముందు జరిగే ఆ జాతర నుంచి సంచుల కొద్దీ వేరుశనగకాయలు ఇళ్లకు చేరాయి కాబట్టి ఒక హెచ్చరిక తప్పదు. కాయలు ఒలవడం ఏ వయసువారికైనా మంచి పనే. కానీ నాలుగేళ్లలోపు పిల్లలకు పల్లీలు గింజగా తినడానికి ఇవ్వకూడదు, ఊపిరితిత్తుల దారిలో అడ్డుపడే ప్రమాదం ఉంది. పొడి చేసి ఇవ్వండి. గింజల పని చేసేటప్పుడు చిన్నవాళ్ల పక్కన పెద్దవారు ఒకరు ఉండాలి. అనపగింజ చక్కగా ముక్కులో పడుతుందన్న పరిశోధన ఏటా ఏదో ఒక పిల్లవాడు చేస్తూనే ఉంటాడు. భోగినాడు ఐదేళ్లలోపు పిల్లలకు భోగిపళ్లు పోసే ఇళ్లలో రేగిపళ్లతో పాటు చిల్లర నాణేలు, శనగలు కూడా కలుపుతారు. వేడుక ముగియగానే చాప మీద ఒక్క గింజ, ఒక్క నాణెం మిగలకుండా ఏరించండి. ఏరే పనీ పిల్లలకే ఇవ్వవచ్చు, లెక్క మాత్రం మీరు చూసుకోండి.

చలికి చర్మం పగిలే పిల్లలకు స్నానం తరువాత కొబ్బరి నూనె రాసేటప్పుడు గడ్డకట్టిన సీసాను వేడినీళ్లలో పెట్టే బదులు, చెంచాతో కొంచెం తీసి వాళ్ల అరచేతిలోనే పెట్టండి. సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టే ఆ నూనె, ఒంటి వేడికి చేతిలోనే కరిగిపోతుంది. దాన్ని చూస్తూ నిలబడిపోయే పిల్లలు వ్యాను అందుకోలేకపోతారేమో గాని, మాకు అభ్యంతరం లేదు.

ఒంట్లో బాగా లేనప్పటి సంగతులు క్లుప్తంగా రాస్తాను. జ్వరం ఉన్న పిల్లలను, మందు వేసి తగ్గించి బడికి పంపకండి. మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకపోతేనే పంపండి. ఉత్త జలుబుకు ఇంట్లో మిగిలిన దగ్గు మందు పోయవద్దు. కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ ఈ అక్టోబరులో ఇచ్చిన సూచన ప్రకారం రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు అసలే ఇవ్వకూడదు, ఐదేళ్లలోపువారికి కూడా సాధారణంగా సిఫార్సు చేయరు. ఊపిరి వేగంగా తీస్తూ డొక్కలు ఎగరేస్తున్నా, పిల్లికూతలు వినిపిస్తున్నా, నీళ్లు తాగడం మానేసినా ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. మరుగుతున్న నీళ్ల గిన్నె ముందు పిల్లలను కూర్చోబెట్టి ఆవిరి పట్టించకండి. మా అబ్బాయికి నాలుగేళ్లప్పుడు నేను ఆ పని చేశాను. దుప్పటి కప్పుతున్న ఒక్క క్షణంలో గిన్నె వాడి మోకాలు తగిలి ఒరిగింది. ఇరవై ఏళ్లు దాటినా ఆ మచ్చ ఇంకా ఉంది. గ్యాస్ గీజరు ఉన్నవారు చలి వస్తోందని స్నానాలగది వెంటిలేటరు మూయవద్దు. గాలి ఆడని గదిలో పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు.

జనవరి 10, శనివారం ఉదయం 10 గంటలకు నర్సరీ నుంచి రెండో తరగతి వరకు పిల్లలంతా పాఠశాల ఆవరణలో ఎండలో కూర్చుని, కన్నడిగులు సంక్రాంతికి పంచుకునే ఎళ్ళు-బెల్ల (నువ్వులు-బెల్లం) పొట్లాలు కడతారు. నువ్వులు, ఎండుకొబ్బరి ముక్కలు, బెల్లం ముక్కలు, వేయించిన పల్లీలు, పుట్నాల పప్పు పాఠశాలే సమకూరుస్తుంది. నర్సరీ, ఎల్‌కేజీ పొట్లాల్లో పల్లీలు, పుట్నాలకు బదులు వాటి పొడి ఉంటుంది. నువ్వులు గాని, పల్లీలు గాని పడని పిల్లల తల్లిదండ్రులు జనవరి 5 లోపు తరగతి టీచరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. వారికి వేరే బల్ల, వేరే మిఠాయి ఏర్పాటు చేస్తాము. అమ్మానాన్నలు, తాతలు, అమ్మమ్మలు, నాన్నమ్మలు అందరూ రావచ్చు, ఇష్టమైతే ఒక్కొక్కరు ఒక పొట్లం కట్టవచ్చు. పిల్లలు కడుతున్న పొట్లం దారం ఊడిపోతే మాత్రం చేయి చాపకుండా కూర్చోవాలి. నేనూ చేతులు కట్టుకునే కూర్చుంటాను.

ఇట్లు,
మీ
ప్రధానోపాధ్యాయురాలు