నాయనకు, ఆర్హుస్ నుంచి

ఆర్హుస్, డెన్మార్క్
జూన్ మొదటి వారం

నాయనా,

నేను బాగున్నాను. ఆదివారం ఫోన్ కట్ అయింది చార్జింగ్ లేక అని అమ్మకు మెసేజ్ పెట్టాను గదా, అది అబద్ధం. కోపమొచ్చి నేనే పెట్టేశాను. "ఇన్నేండ్లు వేర్లు చూస్తా కూచుంటే మన చేనుకు ఏమొస్తుంది" అని నువ్వడిగితే నోట మాట రాలేదు. అందుకే ఈ ఉత్తరం.

పని ఎప్పటిలాగే. అద్దె కట్టేశాను. నేను వేర్లకు పట్టించే బ్యాక్టీరియా మనుషులను ఏమీ చేయదని అమ్మకు చెప్పు, టెన్షన్ వద్దు. రాత్రి పదైనా ఇక్కడ వెలుతురే, నిద్ర పట్టడం లేదు. నీ మోకాలు ఎట్లుంది?

చెనక్కాయ చెట్టు పెరికి, వేరు మీది బుడిపెను జేజి గోరుతో చీల్చి చూపించేది, గుర్తుందా? లోపల ఎర్రగా ఉంటే "చెట్టుకూ రక్తముంది చూడు" అనేది. జేజి మాట దాదాపు నిజమే. ఆ ఎరుపు లెగ్‌హిమోగ్లోబిన్, మన రక్తంలో ఉండేదానికి చుట్టం. బుడిపెలో కాపురముండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిస్తుంది. ఆ పట్టే ఎంజైము ఆక్సిజన్ తగిలితే చెడిపోతుంది, బ్యాక్టీరియాకేమో ఊపిరికి ఆక్సిజన్ కావాలి. ఈ ఎరుపే దాన్ని కొలిచి కొలిచి అందిస్తుంది. దీన్ని తయారుచేసే జన్యువులను లోటస్ మొక్కలో అణిచేసి చూశారు, 2005లో. బుడిపెలు వచ్చాయి గాని నత్రజని అందక మొక్కలు పాలిపోయాయి.

నా పని ఆ లోటస్ మీదే. తామర కాదు, పసుపు పూల చిన్న మొక్క, కందికీ చెనక్కాయకూ బంధువు. దాని వేరు వదిలే రసం తగిలితే బ్యాక్టీరియాలో బుడిపెలు పుట్టించే నాడ్ జన్యువులు మేల్కొని తిరిగి కబురు పంపుతాయి. ఆ కబురు అందుకునే జన్యువులు రెండు, ఎన్‌ఎఫ్‌ఆర్1, ఎన్‌ఎఫ్‌ఆర్5. వాటి సంగతి 2003లో ఈ ఊరివాళ్లే తేల్చారు. అందులో ఏ ఒక్కటి పాడైనా బ్యాక్టీరియా గడప దాటలేదు. లోటస్‌లో వేరు మీది నూగు కొన వంకర తిరిగి దాన్ని లోపలికి తీసుకుంటుంది. మన చెనక్కాయ తీరు వేరు, పిల్లవేరు మొలిచేచోట పడే సందులోంచి దూరనిస్తుంది. ఇక్కడ చెనక్కాయ గురించి ఎవరూ మాట్లాడరు. నేను మాట్లాడితే వింటారు, పాపం.

ఈ ముక్క అమ్మకు చదివి వినిపించొద్దు. పోయిన నెల సీసా మారిపోయి నైట్రేట్, అంటే మొక్క నేరుగా తినే నత్రజని, ఉన్న నీళ్లు పోశాను. ఐదు వారాల తర్వాత తీసి చూస్తే ఆకులు నవనవలాడుతున్నాయి, వేర్లు మాత్రం నున్నగా తోమినట్టున్నాయి. దారంలాంటి తెల్లటి వేరు, ఎంత వెతికినా ఒక్క బుడిపె లేదు. తేరగా తిండి దొరికితే మొక్క బ్యాక్టీరియాను పిలవదు, వాటిని మేపడానికి సొంత చక్కెర ఖర్చు కదా. బాత్రూంలో కూచుని ఏడ్చాను. తప్పు నాదే. పక్కచేను వాళ్లను చూసి నువ్వు రెండోసారి యూరియా చల్లినప్పుడు మన చేనులోనూ కొంత ఇట్లాంటిదే జరిగి ఉంటుంది. ఎత్తిపొడుపు కాదు.

మన చేనుకు ఏమొస్తుందంటే, ఇప్పటికిప్పుడు ఏమీ రాదు నాయనా. వరికీ గోధుమకూ ఈ విద్య నేర్పాలని చాలామంది ఏండ్ల తరబడి తంటాలు పడుతున్నారు, ఇంకా కాలేదు. నేను చూసేది అందులో ఒక చిన్న తలుపు.

రాగిపిండి అయిపోయింది. ఎవరన్నా వస్తుంటే రెండు కేజీలు పంపించు.

విత్తనాలు తెచ్చారా? తెగులు మందు ముందు, రైజోబియం, అదే ఈ బుడిపెల బ్యాక్టీరియా, చివర పట్టించు. నీడలోనే ఆరబెట్టండి. పోయినేడు మిద్దె మీద మండుటెండలో పోశారు, వీడియో కాల్‌లో చూసి కూడా నేను నోరు మెదపలేదు. నలభై రోజులకు ఒక చెట్టు పెరికి, బుడిపెను గోరుతో చీల్చి ఫోటో పంపించు. తమ్ముడితో తీయించు, నువ్వు తీస్తే వేలు తప్ప ఏమీ కనపడదు.

నీ బిడ్డ