సైకాలజీ రికార్డులో మా మాటలకి కూడా ఒక గడి ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

నేను బీఏ ఫస్టియర్, సైకాలజీ ఒక సబ్జెక్టు. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. డిగ్రీ అడ్మిషన్ల వెబ్‌సైట్ దోస్త్‌లో ఈ కాంబినేషన్ పెట్టుకున్నప్పుడు పిచ్చోళ్ళకి వైద్యం చేసే చదువా అని మా ఊళ్ళో చాలామంది అడిగారు, నేను మాత్రం ఇష్టపడే తీసుకున్నా, ఆ ఇష్టం ఇప్పటికీ తగ్గలేదు. ఆ ఇష్టం ఉంది కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాకు ప్రాక్టికల్స్ ఉంటాయి. ఒకరు ప్రయోగం చేసేవాళ్ళు, ఇంకొకరు సబ్జెక్ట్, అంటే ప్రయోగం ఎవరి మీద చేస్తామో వాళ్ళు. మొన్న స్ట్రూప్ ప్రయోగం చేశాం. స్ట్రూప్ అనే ఆయన 1935లో అచ్చు వేసిన పని ఇది, రంగుల పేర్లు వేరే రంగు ఇంకుతో రాసుంటాయి, రెడ్ అనే మాట నీలం ఇంకులో ఉంటుంది, మాట చదవకుండా ఇంకు రంగు మాత్రమే గబగబా చెప్పాలి. ఎవరైనా తడబడతారు, ఎందుకంటే చదవడం మనకి అంత అలవాటైపోయింది, వద్దనుకున్నా కన్ను చదివేస్తుంది. హనుమకొండ హాస్టల్‌లో నా రూమ్మేట్‌ని సబ్జెక్ట్‌గా కూర్చోబెట్టా, తను కూడా తెలుగు మీడియమే. ఇంగ్లీష్ కార్డు పెద్దగా తడబడకుండా చెప్పేసింది. నాకు అనుమానం వచ్చి ఆ రాత్రి స్కెచ్ పెన్నులతో చార్ట్ మీద ఎరుపు, నీలం, నలుపు, పచ్చ అని తెలుగులో రాసి ఇంకో కార్డు తయారుచేసి మళ్ళీ కూర్చోబెట్టా. రెండో లైన్‌లోనే ఆగిపోయింది, నవ్వింది, మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ తప్పింది. మధ్యలో "పచ్చ అంటే ఏ పచ్చనే, పసుపా, ఆకుపచ్చా" అని నన్నే అడిగింది, దానికి నా దగ్గర జవాబు లేదు.

ఒక్క మనిషి మీద ఒక్కసారి చేసి రూల్ చెప్పకూడదని మా మేడమే నేర్పింది, అది నాకు గుర్తుంది. కానీ రెండు భాషలు వచ్చినవాళ్ళ మీద జరిగిన ప్రయోగాల్లో కూడా బాగా వచ్చిన భాషలోనే ఈ తడబాటు ఎక్కువ కనిపిస్తుందని తర్వాత చదివి తెలుసుకున్నా. అంటే ఇంగ్లీష్ కార్డు పెట్టి మా రూమ్మేట్‌ని కొలిస్తే తన మనసు పనిచేసే తీరు ఒక్కటే కాదు, తనకి ఇంగ్లీష్ ఎంత అలవాటైందో అది కూడా కలిసిపోయి వస్తుంది. జ్ఞాపకశక్తి ప్రయోగమూ అంతే. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ సైకాలజిస్ట్ 1885లో అచ్చు వేసిన పుస్తకం కోసం అర్థం లేని అక్షరాల ముక్కలు దాదాపు 2,300 తయారుచేసుకుని తన మీద తానే పరీక్ష పెట్టుకున్నాడు, అవి ఆయన భాషకి దగ్గరగా ఉండే ముక్కలు. మాకు ఇచ్చే లిస్టులో కెజ్, జుప్ లాంటివి ఉంటాయి, మన తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి అవి పలకడానికే నాలుక తిరగదు, గుర్తుపెట్టుకోవడం సంగతి తర్వాత.

అసలు నన్ను ఎక్కువ బాధపెట్టింది రికార్డులో చివరి పేజీ. ప్రయోగం అయ్యాక సబ్జెక్ట్‌కి లోపల ఏమనిపించిందో అడిగి రాయాలి, ఇంట్రోస్పెక్షన్ రిపోర్ట్ అంటారు. మా రూమ్మేట్ ఏమందంటే "నోరు ఒకటంటాంది కన్ను ఇంకోటంటాంది, లోపల బుగులైంది, తప్పు చెప్తే ఏమనుకుంటవో అని." నేను రాసింది "సబ్జెక్ట్ ఫెల్ట్ యాంక్షస్ అండ్ కన్ఫ్యూజ్డ్." అంతే. సంతకం అయిపోయింది. ఇంతకుముందు ఒకసారి తెలుగులో రాస్తే పేజీ కొట్టేసి మళ్ళీ రాయమన్నారు, అందుకని ఈసారి ధైర్యం చేయలేదు.

బుగులు వేరు, రంధి వేరు, పరేషాన్ వేరు. మా అమ్మ "మనసున పడ్తలేదు" అందంటే అది ఈ మూడూ కాదు. బుగులు అప్పటికప్పుడు పుట్టే భయం, రంధి రోజుల తరబడి లోపల తొలిచేది. నాలుగింటినీ యాంగ్జైటీ అని ఒకే సంచిలో వేస్తే మనిషి మనసు గురించి చదువుతున్నామని ఎలా చెప్పుకోవాలి? రేపు మాలోనే కొంతమంది కౌన్సెలర్లు అవుతారు. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు, అలా చేసే అమ్మ "నాకు యాంగ్జైటీ" అనదు, రంధి అంటుంది. ఆ మాట విన్నవాళ్ళకి అది ఎన్ని రోజుల బరువో తట్టాలి కదా.

ఇంగ్లీష్ వద్దని నేను అనట్లేదు, పీజీకి వెళ్ళాలంటే కావాలి, నేర్చుకుంటున్నా కూడా. పాత తెలుగు మాటలన్నీ అలాగే తెచ్చి పెట్టమనీ అనట్లేదు. మా అక్క టెట్‌కి చదివిన పుస్తకంలో గంట వినగానే కుక్క నోట్లో నీళ్ళూరే పావ్లోవ్ ప్రయోగం, అంటే క్లాసికల్ కండిషనింగ్, "శాస్త్రీయ నిబంధనం" అని ఉంది, ఉద్దీపన (స్టిములస్), ప్రతిస్పందన (రెస్పాన్స్) నాకు వెంటనే ఎక్కాయి, కానీ పర్సెప్షన్‌ని, అంటే కంటికి చెవికి అందినదాన్ని మనసు అర్థం చేసుకోవడాన్ని, "ప్రత్యక్షం" అంటే మాత్రం దేవుడు ప్రత్యక్షమైనట్టు అనిపించి ఒక రోజంతా తికమకపడ్డా. టీచర్ ట్రైనింగ్ వాళ్ళకి ఎన్నో ఏళ్ళుగా తెలుగులో సైకాలజీ ఉన్నప్పుడు, డిగ్రీ పిల్లలకి ఇంగ్లీష్ మాట పక్కనే మామూలు తెలుగులో రెండు లైన్ల వివరణ ఇవ్వడం అంత కష్టమా? తెలుగు అకాడమీని 1968లో పెట్టింది తెలుగులో చదువుకునే పిల్లల పుస్తకాల కోసమే కదా.

మీ పత్రిక ద్వారా ఉన్నత విద్యామండలిని, యూనివర్సిటీల సైకాలజీ విభాగాలని అడిగేది ఇదే. వచ్చే సెమిస్టర్ ప్రాక్టికల్ రికార్డు ప్రింట్ చేసేటప్పుడు ఇంట్రోస్పెక్షన్ పేజీలో రెండు గళ్ళు పెట్టండి, పైన సబ్జెక్ట్ ఏ యాసలో చెప్తే ఆ యాసలోనే అక్షరం మార్చకుండా, కింద ఇంగ్లీష్‌లో. స్ట్రూప్ కార్డు తెలుగులో కూడా ఒకటి అచ్చు వేయండి, అందులో పచ్చ అని కాకుండా ఆకుపచ్చ అని రాయండి.

— బీఏ మొదటి సంవత్సరం విద్యార్థిని, హనుమకొండ