ప్లాటినం తూకం సరే, పరీక్ష ఎక్కడ?

సంపాదకులకు,

గ్రీన్ హైడ్రోజన్ మీద మీరు వేస్తున్న వార్తలు వదలకుండా చదువుతున్నాను. గ్రాఫీన్ (ఒక్క పరమాణువు మందం ఉండే కార్బన్ రేకు) వచ్చేసింది కాబట్టి, హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్‌కి ఇక ప్లాటినం అక్కర్లేదన్నట్టు ఒకదాంట్లో కనబడింది. గుంటూరులో ముప్పై ఏళ్లు ఎమ్మెస్సీ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నాను.

గ్రాఫీన్ ప్లాటినానికి బదులు కాదండీ, అది కూర్చునే పీట. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరై కరెంటు ఇచ్చే పని నడిపేది ప్లాటినమే. దాన్ని రెండు నుంచి ఐదు నానోమీటర్ల రేణువులుగా కార్బన్ మసి మీద కూర్చోబెడతారు. ఫ్యూయల్ సెల్‌తో నడిచే బండిని ఆపి మళ్లీ తీసినప్పుడల్లా ఆ మసి కొంచెం కొంచెం తినుకుపోతుంది. పట్టు తప్పిన రేణువులు ఒకదాన్నొకటి అంటుకుని లావెక్కుతాయి. అప్పుడు లోహం ఉన్నా, పనిచేసే పైభాగం తగ్గిపోతుంది. గ్రాఫీన్ అల్లిక గట్టిది, అంత తొందరగా తినుకుపోదని ఆశ. దానికీ ఓ జబ్బుంది: ఆరబెడితే రేకులు ముసురు రోజున పూతరేకుల్లా అతుక్కుపోతాయి. మధ్యలో ఇరుక్కున్న ప్లాటినానికి గాలి అందదు. అందుకని రేకుల మధ్య మళ్లీ మసే కలుపుతుంటారు!

మీ వార్తల్లో సోలార్ మాటా వచ్చింది కాబట్టి ఒక ముక్క. రంగు (డై) పూసి చేసే సోలార్ సెల్స్‌లో ఒక ఎలక్ట్రోడ్‌కి ప్లాటినం పూత వేస్తారు, అక్కడ గ్రాఫీన్‌తో కలిసొస్తుంది. మన డాబాల మీది సిలికాన్ ప్యానెళ్లకి ఈ గొడవే లేదు.

మా ల్యాబ్‌లో ఈ ప్లాటినం పొడి చెయ్యడానికి వాడే క్లోరోప్లాటినిక్ యాసిడ్ ఒక గ్రాము సీసా బీరువాలో తాళం వేసి ఉండేది. నారింజ రంగు స్ఫటికాలు. అందులో ప్లాటినం 38 శాతం లోపే. శ్రావణంలో మూత తీస్తే చెమ్మ పీల్చి చెంచాకి బంకలా పట్టేది. ఆ చెంచా కడిగిన నీళ్లు కూడా పారబోయనిచ్చేవాణ్ణి కాదు. "మాస్టారూ, నాకన్నా మీరే పిసినారి" అని బ్రాడీపేటలో మాకు తెలిసిన కంసాలి నవ్వేవాడు. అంత జాగ్రత్తగా చేసిన పొడిని మొదటిరోజు కొలిచి, ఆ అంకె పెట్టి పిల్లలు ప్రాజెక్టు ముగించేవాళ్లు. వెయ్యి గంటలు నడిపాక ఏమవుతుందో చూసే ఏర్పాటు మాకు లేదు. ఓసారి సొంతంగా మొదలెట్టాం, మూడో రాత్రి కరెంటు పోయింది, కథ మళ్లీ మొదటికొచ్చింది.

కేంద్రం 2023 జనవరిలో గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కి 19,744 కోట్లు ఆమోదించింది. అందులో పరిశోధనకి 400 కోట్లు, అంటే వందకి రెండు. చెన్నైలో ఏఆర్‌సీఐ అనే కేంద్ర పరిశోధన సంస్థ వాళ్ల ఫ్యూయల్ సెల్ కేంద్రం, తమిళనాడులోనే కారైకుడిలో ఎలక్ట్రోకెమిస్ట్రీ పరిశోధన సంస్థ సీఈసీఆర్‌ఐ ఉన్నాయి, కానీ మనకి అవి దూరం. విజయవాడ, గుంటూరు కాలేజీలన్నిటికీ కలిపి ఒక టెస్టింగ్ గది అడగడం అత్యాశ కాదు. గాలి బాగా ఆడే గది, గ్యాస్ లీకైతే మోగే అలారం, రెండు మూడు టెస్ట్ బెంచీలు, పెద్ద యూపీఎస్, రాత్రి డ్యూటీకి ఒక ఆపరేటర్ చాలు. ఏ కాలేజీ పిల్లలైనా ఫీజు కట్టి తమ పొడి తెచ్చుకుని నడిపించుకోవాలి. మన ఎమ్మెల్యేలు ఈసారి అసెంబ్లీలో ఈ ముక్క కూడా అడగాలని కోరుతున్నాను.

– ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్, గుంటూరు