పరాయి దేశపు ఆపరేషన్ థియేటరుకు మన ఊరి కానుక

సంపాదకులకు నమస్కారాలు.

మా గుణుపురంలో తెలుగు చర్చి యువకులు, ఆఫ్రికాలోని ఒక మిషన్ ఆసుపత్రి ఆపరేషన్ థియేటరు కోసం ఆదివారం కానుకల్లోంచి కొంత తీసి పంపాలని గత నెలలో తలపెట్టారు. ఆ సంగతి తెలిసి రామమందిరం కమిటీ పెద్దలు కూడా తమ వంతు వేస్తామన్నారు. అప్పటినుంచి బజారులో ఒకటే మాట. "మనమే చిన్న ఆపరేషనుకు బరంపురమో విశాఖపట్నమో పరుగెత్తుతున్నాం, మత్తు డాక్టరు లేడని కాన్పు కేసులను వెనక్కి పంపేస్తున్నారు, పరాయి దేశానికి ఎందుకు సిస్టరమ్మా?" అని నన్ను అడుగుతున్నారు. ఈ ప్రాంతపు ఆసుపత్రుల్లో ముప్పై ఏళ్ళు థియేటర్ నర్సుగా పనిచేసినదాన్ని కాబట్టి, నాకు తోచిన జవాబును మీ పత్రిక ద్వారా చెప్పుకుంటున్నాను.

అడిగినవాళ్ళ బాధ నిజమైనదే, దాన్ని నేను తోసిపుచ్చను. అయితే మన రాయగడ జిల్లాలోనే బిస్సంకటక్ క్రిస్టియన్ ఆసుపత్రి ఉంది. దాన్ని 1954లో మొదలుపెట్టింది డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఎలిజబెత్ మాడ్సెన్. ముందు మన ఇల్లు చక్కబెట్టుకుందాం అని ఆమెను పంపినవాళ్ళు అనుకొని ఉంటే, ఈ కొండల్లో ఎందరు తల్లులు బిడ్డ అడ్డం తిరిగి ప్రాణాలు పోగొట్టుకునేవారో. ఆ ఆసుపత్రిని ఇప్పుడు నడుపుతున్నది మన దేశపు వైద్యులు, అక్కడే చదువుకున్న నర్సులు. ఆనాడు అందుకున్న చేతులు ఇప్పుడు మరొకరికి అందించడం నాకు అసహజంగా కనిపించడం లేదు.

అవసరం ఎంతటిదో 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ లెక్కకట్టింది. సురక్షితమైన శస్త్రచికిత్స, మత్తు వైద్యం అవసరమైన వేళకు, భరించగల ఖర్చులో ప్రపంచంలో 500 కోట్ల మందికి దొరకడం లేదు. ఏటా జరిగే 31 కోట్ల 30 లక్షల ఆపరేషన్లలో, ప్రపంచ జనాభాలో మూడో వంతుకు పైగా నివసించే నిరుపేద దేశాలకు దక్కేవి 6 శాతమే. సిజేరియన్, పొట్ట తెరిచి చేసే ఆపరేషన్, చర్మం చీల్చుకొని ఎముక బయటికి వచ్చిన గాయానికి చికిత్స, ఈ మూడూ చేయగల ఆసుపత్రి రెండు గంటల ప్రయాణంలో ఉండాలని ఆ కమిషనే చెప్పింది. మన సవర గూడేల నుంచి వర్షాకాలంలో మంచం మీద మోసుకొచ్చేవాళ్ళకు ఆ రెండు గంటల విలువ ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

ఇవ్వాలి సరే, దేనికి ఇవ్వాలన్నదే నా అసలు మాట. నేను పనిచేసిన ఒక చోట, విదేశీ దాతలు పంపిన మత్తు మిషను ఒకటి చిన్న విడిభాగం దొరకక నాలుగేళ్ళు ఆకుపచ్చ గుడ్డ కింద ఉండిపోయింది. నెలకోసారి దుమ్ము దులిపి మళ్ళీ ఆ గుడ్డే కప్పేదాన్ని. ఇంకోసారి బయటి బృందం వారం రోజుల శిబిరం పెట్టి, వరిబీజం, హెర్నియా ఆపరేషన్లు ఎంతో శ్రద్ధగా చేసి వెళ్ళిపోయింది. వాళ్ళ జీపు వెళ్ళిన మూడో రోజున ఒక పెద్దాయన కుట్లు చీముపట్టి, జ్వరంతో వణుకుతూ వచ్చాడు. కుట్లు విప్పి, పుండు కడిగి, పదకొండు రోజులు కట్టు మార్చింది అక్కడ మిగిలిన ఇద్దరు నర్సులం. వచ్చినవాళ్ళ మంచితనాన్ని నేను శంకించడం లేదు. ఆపరేషన్ అంటే కత్తి పట్టిన ఆ గంట ఒక్కటే కాదు, అంతే.

అందుకే ఇథియోపియాలోని ఆడిస్ అబాబా ఫిస్టులా ఆసుపత్రి సంగతి మా యువకులకు పదేపదే చెబుతుంటాను. రోజుల తరబడి కాన్పు కాక, బిడ్డ తల ఒత్తిడికి మూత్రాశయం గోడ చచ్చుబడి చిల్లిపడితే (ఆ చిల్లినే ఫిస్టులా అంటారు), ఆ తల్లికి మూత్రం నిరంతరం కారుతూనే ఉంటుంది, భర్త వదిలేస్తాడు, ఊరు దూరం పెడుతుంది. కేథరిన్ హామ్లిన్, రెజినాల్డ్ హామ్లిన్ అనే వైద్య దంపతులు క్రీస్తు మీది విశ్వాసంతో 1959లో మూడేళ్ళ ఒప్పందం మీద అక్కడికి వెళ్ళారు. 1974లో ఈ ఆసుపత్రి తెరిచారు, కేథరిన్ గారు 2020లో కన్నుమూసేదాకా ఆ దేశంలోనే ఉండిపోయారు. వాళ్ళ దగ్గరికి రోగిగా వచ్చిన మామితు గాషె అనే చదువురాని పల్లెటూరి అమ్మాయి, థియేటరులో పనిముట్లు చేతికి అందిస్తూ అందిస్తూ పని నేర్చుకొని, తానే ఫిస్టులా ఆపరేషన్లు చేసే నిపుణురాలైంది. 2007లో మంత్రసానులకు కళాశాల కూడా పెట్టారు, అసలు ఆ చిల్లే పడకుండా చూడడానికి.

ఇది ఒక మతానికే చెందిన సుగుణం కాదు. శ్రీ అరవిందుల బాటలో నడిచిన డాక్టర్ వెంకటస్వామి 1976లో మదురైలో 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి, శుక్లాల ఆపరేషనుకు కావలసిన కటకాలను 1992 నుంచి తన ఆరోల్యాబ్‌లో చవకగా తయారుచేసి ఎన్నో పేద దేశాలకు పంపుతున్నది, అక్కడి వైద్యులకు శిక్షణా ఇస్తున్నది. ఇక మత్తిచ్చి బల్ల మీద పడుకోబెట్టిన మనిషి దగ్గర ఎవరి ప్రచారమూ ఉండకూడదు. ఈ మాట చర్చి పెద్దలకూ, మందిరం పెద్దలకూ ఒకేలా చెప్పాను, ఇద్దరూ ఒప్పుకున్నారు.

గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉంటూ, సవరలకు మేలు చేయబూనినప్పుడు ముందు వాళ్ళ భాష నేర్చుకున్నారు. మా కమిటీ వారికి నా విన్నపం కూడా అలాంటిదే. ఫలకం మీద పేర్లు చెక్కించే గది కట్టడానికి ముందు, ఆ ఆసుపత్రి వాళ్ళకు ఉత్తరం రాసి అడగండి: మత్తు వైద్యం నేర్చుకునే స్థానిక నర్సు ఎవరైనా ఉన్నారా, ఆమె చదువుకు ఏటా ఎంత అవుతుంది, ఏ మిషను ఏ భాగం లేక మూలపడి ఉంది, కుట్లదారం ఎన్ని నెలలకు సరిపడా ఉంది? ఇవే ప్రశ్నలతో మన జిల్లా ఆసుపత్రులకూ మరో ఉత్తరం రాయండి. రెండింటికీ చిత్తుప్రతి నేను సిద్ధం చేసి ఉంచాను, వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత థియేటర్ నర్సు,
గుణుపురం, రాయగడ జిల్లా, ఒడిశా